ఉల్లి తరుగుట యెవరి ధర్మము?

“ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదు” అని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఈ సామెతను వినినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. ఉల్లి మేలు చేయవలెనన్న దానిని ముందుగా ఒలిచి, తరిగి, పొయ్యిమీదికి చేర్చువా రెవరో యుండవలెను గదా! మన యిండ్లలో ఆ పని చేయునది తరచుగా ఆ తల్లియే. ఆమె చేసిన మేలును ఉల్లి ఖాతాలో వ్రాసి, ఆపైన ఉల్లియే గొప్పదని మనము తీర్పు చెప్పితిమి.

ఉల్లినిగూర్చి మన పెద్దలు విచారింపకపోలేదు. మనుస్మృతి ఐదవ యధ్యాయమున వెల్లుల్లి, ఉల్లి మొదలగునవి ద్విజులకు తినరానివని చెప్పబడినది. కార్తికమాసమున దానిని మానువారును, ఏడాది పొడుగున మానువారును నేటికిని గలరు. ఉల్లి తినవచ్చునా, కూడదా యను చర్చ ఎన్నియో శతాబ్దములుగా సాగుచున్నది. కాని తినువారి యింట దాని నెవరు తరుగవలెను, ఎట్టి కత్తితో తరుగవలెను, చక్కగా తరుగుట నేర్పు మాత్రమేనా లేక ధర్మము కూడనా అను ప్రశ్నలను ధర్మప్రశ్నలుగా నెంచువారు మనలో అరుదు. నోటిలోనికి పోవుదానిని గూర్చి అంత పట్టుదల చూపినవారము, చేతిలోనుండి వచ్చుదానిని గూర్చి మౌనము వహించితిమి.

ఇంత చిన్న విషయమునకు విచార మెందుకని చదువరులలో కొందరు నవ్వుదురేమో. వారికి నేనొక లెక్క చెప్పెదను. అయిదుగురున్న యింట పూటకు రెండు చొప్పున దినమునకు నాలుగు ఉల్లిపాయలు తరుగుదురనుకొందము. ఏడాదికి 1,460 అగును. నలువది యేండ్ల కాపురములో 58,400 అగును. గొప్ప విషయములలో ధర్మమును నిలుపుకొను అవకాశము మనుష్యునకు జన్మలో నాలుగైదు సారులు వచ్చునేమో! ఈ చిన్న విషయములో అది ప్రతిదినమును వచ్చుచున్నది. మనము ఎట్టివారమో తేల్చునది తరచుగా వచ్చు పరీక్షయే గాని, అరుదుగా వచ్చునది కాదు.

ఈ పరీక్షలో నేను చాలకాలము తప్పితిని. ఆ సంగతి చెప్పకుండ ఇతరులకు ధర్మము చెప్పుట తగదు.

మాది పరవాడ. 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోను, అటు తరువాత అనకాపల్లి జిల్లాలోను చేరిన ఊరు. 2002లో సింహాద్రి విద్యుత్కేంద్రపు మొదటి యంత్రము పనిచేయ నారంభించినది మొదలు, ఆపైన ఔషధ పరిశ్రమల నగరము వెలసినది మొదలు, మా ప్రాంతపు మగవారిలో చాలమంది నాగలి విడిచి షిఫ్టు బస్సు ఎక్కిరి. నేనును అట్టివాడనే. ఒక కర్మాగారమున యంత్రముల మరమ్మతు శాఖలో నాకు ఉద్యోగము. ఏ యంత్రమునకు ఎన్నడు నూనె వేయవలెను, ఏ బేరింగు ఎన్ని గంటలు తిరిగిన తరువాత మార్చవలెను అను వివరము లన్నియు రిజిస్టరులో వ్రాసి, తేదీ తప్పకుండ చేయించుట నా పని. ఆ పనిలో నాకు మంచిపేరే యుండెను.

ఇంటిలో మా అమ్మకు ఒక కత్తిపీట యుండెను. చింతకర్ర పీటకు బిగించిన ఇనుపకత్తి. కాపురమునకు వచ్చిన కొత్తలో సంతలో కొనినదట. కుడికాలు పీటపై నుంచి, రెండుచేతులతో కాయను కత్తికి ఒత్తి నలువది యేండ్లు ఆమె దానిపై తరిగెను. కూరలో ఒక ముక్క పచ్చిగా తగిలినను, ఒక ముక్క మాడి చేదైనను, మా నాన్న పళ్ళెమును కొంచెము ముందునకు నెట్టి ఊరకుండెడివాడు. నేను ఊరకుండక, “ఇన్నేండ్లనుండి తరుగుచున్నావు, ముక్కలు ఒక్కతీరున రానేరవా?” అని అడిగెడివాడను. “పీట తెగడం నేదురా బాబూ” అని ఆమె యనెడిది. చేతగానివారు పనిముట్టుపై నెపము వేయుదురని నేను నాలో అనుకొనెడివాడను. యంత్రశాఖలో ఎవరైన కార్మికుడు “కత్తి తెగుట లేదు” అని చెప్పినచో వెంటనే లేచి పోయి చూచెడివాడను. అమ్మ చెప్పినప్పుడు మాత్రము లేవలేదు.

తొలకరికి ముందు నాగటి కర్రును కొలిమికి పట్టుకొనిపోవుట, కోతలకు ముందు కొడవలికి కక్కు కొట్టించుట మా నాన్న యెన్నడును మరువలేదు. మగవాని పనిముట్లకు ఋతువు ననుసరించి పదును కలదు. కత్తిపీటకు మాత్రము మా యింట ఏ ఋతువునందును పదును లేదు.

ఎనిమిదేండ్ల క్రిందట అమ్మ పెరటిలో జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనెను. అప్పటికి మా నాన్న లేడు. నా భార్య పురిటికి వెళ్ళిన కూతురికి తోడుగా పొరుగూరిలో ఉండెను. కావున తప్పనిసరియై నేను కత్తిపీట ముందు కూర్చుంటిని. మొదటి ఉల్లిపాయతోనే నాకు సంగతి బోధపడినది. కత్తి కోయుట లేదు, నలుపుచున్నది. ఒత్తినచో పొరలు జారి ప్రక్కకు పోవుచున్నవి. గట్టిగా ఒత్తినచో ఒక్కసారిగా తెగి వ్రేలిదాక వచ్చుచున్నది. రెండవ ఉల్లికి కన్నులు మూసికొనిపోయినవి; మూడవదానికి బొటనవ్రేలు తెగినది. పైగా ఆ మూల చీకటి. మా మండలమున రెండువేల మెగావాట్ల విద్యుత్తు పుట్టుచుండగా, అమ్మ కూర్చుండి తరుగు చోట ఒక దీపము పెట్టించవలెనని నాకు తోచలేదు!

మరునాడు లంకెలపాలెము కూడలికి పోయి, సైకిలుపై సానరాయి పెట్టుకొని తిరుగు నొకనిచేత కత్తికి పదును పెట్టించితిని. పావుగంట పట్టలేదు. ఇంటికి తెచ్చి ఒక ఉల్లిని తరుగుచుండగా అమ్మ కట్టుకట్టిన చేయిని ఒడిలో పెట్టుకొని చూచుచుండెను. ముక్కలు చప్పుడు లేకుండ పళ్ళెములో రాలినవి. ఆమె కొంతసేపు చూచి, “ఇంతేనేటిరా బాబూ దీని పని?” అని యడిగెను. తరుగుపనిని గూర్చి అడిగెనో, పదును పెట్టించు పనిని గూర్చి అడిగెనో నాకు తెలియలేదు. రెండిటికిని ఆ ప్రశ్న సరిపోవును.

ఉల్లి తరుగునప్పుడు కన్నీరు వచ్చుట సహజమని మనము తలంతుము. అది యెట్లు వచ్చునో తెలిసికొన్నచో అందులో ఎంత సహజమో, ఎంత మనము చేసికొన్నదో తెలియును. ఉల్లి కణములలో గంధకముతో కూడిన ఒక పదార్థమును, దానిని మార్చు ఎంజైమును వేర్వేరు అరలలో నుండును. కణము చితికినప్పుడు రెండును కలిసికొనును. వాని కలయికనుండి పుట్టిన ద్రవ్యమును మరియొక ఎంజైము కన్నులను మండించు వాయువుగా మార్చును. ఈ రెండవ ఎంజైమును జపాను దేశపు పరిశోధకులు 2002లో కనుగొనిరి. అటుపిమ్మట 2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు ఉల్లిని కోయునప్పుడు ఎగయు తుంపరలను అతివేగముగా పనిచేయు కెమెరాలతో పరిశీలించిరి. మొద్దుకత్తి పొరను వంచి, నొక్కి, లోపల ఒత్తిడి పెంచి, తుంపరలను ఎక్కువగాను వేగముగాను పైకి చిమ్మించుననియు, పదునైన కత్తితో మెల్లగా కోసినచో అవి తగ్గుననియు తేల్చిరి. ఇది చదివినప్పుడు నాకు సంతోషము కలుగలేదు. మా అమ్మ నలువది యేండ్లు కార్చిన కన్నీటిలో ఉల్లి వంతు కొంత, మా వంతు కొంత యని నాకు అర్థమైనది.

ఇక చక్కగా తరుగుట యన నేమో చెప్పెదను. ఉల్లిని కాడవైపునుండి వేరువైపునకు నిలువుగా రెండు చెక్కలు చేయవలెను. అట్లు చేసిన పిమ్మట పొట్టు సులభముగా వచ్చును. వేరు కుదురును ముందుగా కోసి పారవేయరాదు. పొరలన్నిటిని పట్టియుంచునది అదియే. చాకుతో కోయువారు చెక్కను పలకపై బోర్లించి, వేరు తెగకుండ నిలువుగా గాట్లు పెట్టి, పిదప అడ్డముగా కోయవలెను. కత్తిపీటపై తరుగువారు వేరును వ్రేళ్ళవైపు పట్టుకొని, ముందు గాట్లు పెట్టి, చెక్కను త్రిప్పి అడ్డముగా ఒత్తవలెను. ముక్కలు ఒక్కతీరున రాలును. కడపట వేరు మాత్రము చేతిలో మిగులును. పకోడీలకు నిలువు చీలికలు, పెరుగుపచ్చడికి సన్నని ముక్కలు, పులుసునకు పెద్ద ముక్కలు కావలెను. ఏ రూపమైనను ఒక్క వంటలో ముక్కలన్నియు సమానముగా నుండవలెను. ఏలయన ఒకే నూనెలో, ఒకే మంటమీద చిన్నముక్క మాడునప్పటికి పెద్దముక్క పచ్చిగానే యుండును. కావున సమానముగా తరుగుట కంటికి అందము కొరకు కాదు. తినువానిపై గౌరవము, పండించినవాని శ్రమపై గౌరవము అందులో నున్నవి. ఆ గడ్డ కర్నూలు రైతు నారు పోసి, నాటి, త్రవ్వి, ఎండబెట్టి పంపినది. దానిని సగము మాడ్చి, సగము పారవేయు హక్కు మనకు లేదు.

కావున చక్కగా తరుగుట ధర్మమే యని నేను ఒప్పుకొనుచున్నాను. చిన్నపని గదా యెట్లైన నేమి యనువారితో నేను ఏకీభవింపను. కాని ధర్మమనగానే దానిని ఒకరి నెత్తిన పెట్టి, మనము న్యాయాధిపతులమై కూర్చుండుట మనకు పరిపాటి. ఇందు ఒక నియమము గలదు. పనిలో చక్కదనము కోరు వాడు, ఆ చక్కదనమునకు కావలసిన సాధనమును ముందుగా సమకూర్చవలెను. పదునైన కత్తి, చాలినంత వెలుతురు, కూర్చుండుటకు తగిన చోటు, తొందర లేని సమయము అను నాలుగింటిని ఇయ్యక ముక్కలు సరిగా లేవనుట అన్యాయము. కర్మాగారములో ఈ నియమము నాకు కంఠస్థము. అచ్చట కత్తి మొద్దైనచో తప్పు కత్తిని చూచుకొనవలసిన నాది గాని, కోయువానిది కాదు. గడప దాటి ఇంటిలోనికి రాగానే ఆ న్యాయమును నేను చెప్పులతో కూడ బయటనే విడిచితిని.

సాధన మిచ్చినంతమాత్రమున మన బాధ్యత తీరునా? తీరదు. తరుగవలసినవా రెవరను ప్రశ్న మిగిలియే యున్నది. “అది ఆడువారి చేతికి అబ్బిన పని” అని కొందరందురు. సాయంకాలము ఏ కూడలికైన పోయి బజ్జీల బండి దగ్గర నిలువుడు. విశాఖ సముద్రతీరమున పిడత కింద పప్పు కలుపువానిని చూడుడు. మగవాడు ఎంత సన్నముగా, ఎంత సమముగా, ఎంత వేగముగా ఉల్లి తరుగునో తెలియును. పెండ్లి వంటలలో గంపలకొలది కూరలు తరుగువారిలోను మగవారు కలరు. కూలి యిచ్చుచోట మగవాని చేతికి అబ్బిన పని, కూలి లేనిచోట ఆడుదాని చేతికే అబ్బునా? చేతులలో భేదము లేదు. భేదము కూలిలో నున్నది.

ఇది నా యూహ మాత్రము కాదు. భారత ప్రభుత్వపు గణాంకశాఖవారు 2019లో జరిపిన కాలవినియోగ సర్వేక్షణములో ఆరేండ్లు మొదలు పైబడిన స్త్రీలలో నూటికి 81.2 మంది జీతము లేని ఇంటిపనులు చేయుచుండగా, పురుషులలో 26.1 మందియే చేయుచున్నట్లు తేలినది. చేయువారిలో సైతము స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునకు 97 నిమిషములు పట్టుచున్నవి. స్వరాజ్యము, సమానత్వము అను మాటలను మనము సభలలో వల్లించుచున్నను, వంటింటి లెక్క ఇట్లున్నది.

1916వ సంవత్సరము జూన్ నెలలో వినోబా భావే అహమ్మదాబాదు దగ్గరి కోచరబు ఆశ్రమమునకు పోయి గాంధిగారిని మొదటిసారి చూచినప్పుడు, ఆయన కూరగాయలు తరుగుచుండెను. దేశనాయకుడొకడు ఇట్టి పని చేయునని అంతవరకు వినోబా వినియుండలేదు. గాంధిగారు ఆయన చేతికిని ఒక కత్తి ఇచ్చి పనిలో కూర్చుండబెట్టిరి. శ్రమను గూర్చిన తొలిపాఠము తనకు అదియేనని వినోబా తరువాత చెప్పుకొనిరి. ఉపన్యాసము వినక, కత్తి పట్టి నేర్చుకొనిన పాఠమది. మన యింటి మగపిల్లలకు అట్టి పాఠము చెప్పు ఇల్లు ఊరికి ఎన్ని యున్నవి?

ఇందుకు చెప్పు ఆక్షేపణలు నాకు తెలియును. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు ఉల్లి తరుగగలడా యని ఒకటి. అలసినవానిని అలసినప్పుడు చేయుమని నేనును చెప్పను. కాని ఆతడు పండుకొని లేచిన తరువాతి గంటలు ఎవరివి? ఆతడు బస్సు దిగకముందే లేచినవారి అలసటకు షిఫ్టు ముగింపు ఎప్పుడు? యంత్రము కొనినచో చాలునని మరియొకటి. కొనుడు, మంచిదే. దానిని కడిగి, తుడిచి, మరల బిగించునది ఎవరో కూడ చూడుడు. పనిమనిషిని పెట్టుకొందుమని ఇంకొకటి. అప్పుడు ఆమె చేతికి మొద్దుకత్తి ఇచ్చి, ఆమె కన్నీటిని కొనుక్కొనుటయే యగును. ప్రశ్న మన గడప దాటి ఆమె గడపకు పోవునే గాని తీరదు. “మగవాడివి, నీ కెందుకు?” అని ఆడువారే లేవగొట్టుదురని చివరిది. నిజమే, మా అమ్మయు అట్లే యనెను. తరతరములుగా మనము నేర్పిన మాటను ఆమె తిరిగి మనకు అప్పజెప్పినంతనే అది మనకు విడుదల పత్రము కాజాలదు.

ఇప్పుడు కష్టమైన మాట చెప్పవలెను. అమ్మ మణికట్టు రెండు నెలలలో అతికినది. ఆమె మరల పీట ముందు కూర్చుండెను. నేను లేచి పత్రిక చేత పట్టుకొంటిని. కత్తికి పదును పెట్టించితిని గదా, నా వంతు తీరినదని నాకు నిండు తృప్తి. బంధువులతో ఆ కథను గొప్పగా చెప్పుకొంటిని కూడ. నాలుగేండ్లు గడచినవి. అమ్మ గతించెను. కర్మదినములు ముగిసి, ఉల్లి మరల వంటింటిలోనికి వచ్చిన నాడు, నేను ఆ కత్తిపీట ముందు కూర్చుండి ఒక ఉల్లిని కత్తికి ఒత్తితిని. పొరలు జారిపోయినవి. కత్తి మరల మొద్దుబారి యుండెను. ఎప్పుడు మొద్దుబారినదో నాకు తెలియదు. ఆమె మరల చెప్పలేదు. ఒకసారి చేయించినవాడు గదా, మరల అడుగుట యెందుకని మొగమాటపడెనో యేమో!

ఆ దినమున నాకు దయకును ధర్మమునకును భేదము తెలిసినది. ఒకసారి పదును పెట్టించుట దయ. దయ చేసినవానికి పేరు వచ్చును, పొందినవారికి మొగమాటము మిగులును. కత్తి యెప్పుడు మొద్దుబారునో కనిపెట్టి, అడుగకుండ, ఎవరికిని చెప్పుకొనకుండ, తేదీ తప్పకుండ పదును పెట్టించుట ధర్మము. యంత్రములయెడ నేను ధర్మము పాటించితిని. తల్లియెడ దయ చూపితిని. ఈ తారుమారును సరిదిద్దుకొను అవకాశము నాకు ఆమె విషయమున ఇక లేదు.

ఇప్పుడు మా యింట ఉల్లి తరుగుట నా పని. మధ్యాహ్నపు షిఫ్టు వారములలో నా కొడుకు తరుగును. వాడు మొదట సిగ్గుపడెను. ఇప్పుడు నాకంటె సన్నముగా తరుగుచున్నాడు. ఆ మూలకు దీపము పెట్టించితిని. కత్తిపీట పదును నా రిజిస్టరులో మొదటి పుటలో చేరినది. నెలకొకసారి తేదీ, సంతకము ఉండును. నా భార్య దానిని చూచి నవ్వును. నవ్వనిండు. మొగమాటముకంటె ఆ నవ్వు ఇంటికి మేలు.

చదువరులారా! మీలో ఉల్లి తినువారును, తినని వారును ఉందురు. ఏదో యొక కూర తరుగని యిల్లు మాత్రము ఉండదు. ఈ పుట మూసిన పిమ్మట వంటింటిలోనికి పోయి, అక్కడి కత్తి అంచును బొటనవ్రేలితో అడ్డముగా మెల్లగా తాకి చూడుడు. అది మొద్దుగా నున్నచో ఎవరి నడుగనక్కరలేదు. రేపే పదును పెట్టించుడు. పదును పెట్టించి తెచ్చిన తరువాత దానిని ఇంకొకరి చేతికి ఇయ్యక, ముందు మీరు కూర్చుండుడు.